పాత కారు తుక్కుకిచ్చేటప్పుడు రోడ్ టాక్స్ ఎంత వెనక్కొస్తుంది, ఎలా అడగాలి

ముందే చెప్పేస్తాను, చివరిదాకా చదివి ఉసూరుమనే పని లేకుండా. పదిహేనేళ్ళు నడిపిన సొంత కారుని తుక్కుకిస్తే రోడ్ టాక్స్ కింద చేతికొచ్చేది పెద్దగా ఏమీ ఉండదు. అదే నాలుగేళ్ళ బండి యాక్సిడెంట్లో నుజ్జయిపోయినా, వరద నీళ్ళలో మునిగి ఇక పనికి రాదని తేల్చేసినా, లేదంటే మీది పసుపు బోర్డు టాక్సీ అయినా కథ వేరు, అక్కడ అడగాల్సిన డబ్బు నిజంగానే ఉంటుంది. ఏ రకం బండైనా మొదట జరగాల్సింది మాత్రం ఒకటే, ఆర్సీ రద్దు. ఆ రద్దు కాగితం లేకుండా ఏ కౌంటర్లోనూ రూపాయి కదలదు. కాబట్టి ఇక్కడ రాసిందంతా చాలావరకు ఆర్సీ ఎలా రద్దు చేయించుకోవాలనే దాని గురించే, డబ్బు దాని వెనకాలే వస్తుంది.

ఈ వాపసు ఆశ ఎక్కణ్ణించి పుట్టిందంటే, నాకు కనిపించినంతవరకు పిల్లలు ఇంగ్లండులో ఉన్న ఇళ్ళ నుంచి. అక్కడ కారు తుక్కుకిచ్చి డీవీఎల్ఏ అనే ఆఫీసుకి ఆ సంగతి చెబితే చాలు, మిగిలిన పూర్తి నెలల టాక్స్ లెక్కగట్టి లాగ్‌బుక్‌లో ఎవరి పేరుంటే వాళ్ళకి చెక్కు పంపిస్తారు. వేరే అర్జీ కూడా అక్కర్లేదు. చెప్పకుండా ఊరుకుంటే మాత్రం వెయ్యి పౌండ్ల దాకా జరిమానా. అక్కడ టాక్స్ ఏడాదికో ఆర్నెల్లకో కడతారు, అందుకని మిగలడానికి నెలలుంటాయి. మన దగ్గర సొంత కారుకి, బైకుకి కొన్నరోజే లైఫ్ టాక్స్ పేరుతో మొత్తం ఒక్కసారే కట్టించుకుంటారు. కొడుకు ఫోన్లో "నాన్నా, మాకు ఇక్కడ డబ్బులు వెనక్కొచ్చాయి, నువ్వూ అడుగు" అన్నాడని ఒంగోలు రవాణా ఆఫీసుకి పరిగెత్తే ముందు ఈ తేడా తెలుసుకోండి.

లైఫ్ టాక్స్ సంగతి

ఆంధ్రప్రదేశ్‌లో ఈ పన్నుకి ఆధారం 1963 నాటి మోటారు వాహనాల పన్నుల చట్టం. 2021లో రేట్లు పెంచాక 5 లక్షల లోపు కారుకి 13%, 5 నుంచి 10 లక్షల మధ్య అయితే 14%, 10 నుంచి 20 లక్షల దాకా 17%, ఆ పైన 18% చొప్పున పెట్టారు. అంటే 8 లక్షల కారుకి 1,12,000 రూపాయలు. ఇది చిన్న మొత్తం కాదు. ఆ కారు మూడో ఏడాదిలోనే కావలి దగ్గర హైవే మీద లారీ కింద దూరి తుక్కయిపోతే, వాడుకోని పన్నెండేళ్ళ పన్ను గురించి అడగడంలో తప్పేం లేదు.

లైఫ్ టాక్స్ వసూలు చేసే రాష్ట్రాల్లో వాపసు లెక్క సాధారణంగా బండి వయసుని బట్టి నడుస్తుంది. మొదటి ఏడాదిలో ఎక్కువ శాతం, ఏడాది గడిచేకొద్దీ తగ్గుతూ, చివరికి అడగడానికి పెట్టుకునే ఆటో ఖర్చు కూడా రాని స్థితికొస్తుంది. అందుకే నా సలహా, బండి వయసు పదేళ్ళ లోపైతేనే ఈ అర్జీ మీద ఓపిక పెట్టండి. పదిహేను దాటితే వాపసు మాట వదిలేసి, కింద రాసిన కొత్త బండి రాయితీ, ఇన్సూరెన్స్ సంగతులు చూసుకోండి, లాభం అక్కడే ఎక్కువ.

2021 నవంబరులో పెన్నాకి వరదొచ్చినప్పుడు నెల్లూరులో ఎన్ని ఇళ్ళ ముందు కార్లు బురదలో కూరుకుపోయాయో చూసిన వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. అలాంటి బళ్ళకి ఇన్సూరెన్స్ వాళ్ళు టోటల్ లాస్ అని డబ్బిచ్చేస్తారు (బాగుచేసే ఖర్చు, పాలసీలో రాసిన బండి విలువలో 75% దాటితే అది టోటల్ లాసే), బండిని వేలంలో ఎవరో కొనుక్కుపోతారు, యజమాని ఊపిరి పీల్చుకుంటాడు. ఆర్సీ మాత్రం ఇంకా ఆయన పేరు మీదే బతికుంటుంది. మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ ఏం చెబుతుందంటే, బండి ధ్వంసమైపోయినా, ఇక ఎప్పటికీ వాడకానికి పనికిరాదని తేలినా, యజమాని పద్నాలుగు రోజుల్లోగానీ వీలైనంత త్వరలోగానీ రిజిస్టరింగ్ అథారిటీకి తెలియజేసి ఆర్సీ అప్పగించాలి. టోటల్ లాస్ చెక్కు చేతికి రాగానే ఈ పని చేసినవాళ్ళకే టాక్స్ వాపసు అడిగే వీలు మిగులుతుంది. బండిని వేలంలో కొన్నవాడు బాగుచేసి మళ్ళీ రోడ్డెక్కించాడంటే ఇక మీరు అడగడానికేం లేదు, బండి తిరుగుతోంది కదా అంటారు, అది నిజం కూడా.

అర్జీ ఎలా పెట్టాలంటే, రద్దు ఉత్తర్వు కాపీ, లైఫ్ టాక్స్ కట్టిన రసీదు, కొన్నప్పటి ఇన్‌వాయిస్, ఆధార్, మీ పేరున్న బ్యాంకు ఖాతా చెక్కు ఒకటి కొట్టేసి జతచేసి, తెల్లకాగితం మీద తేదీలతో సహా సూటిగా రాయండి. బండి ఏ రోజు రిజిస్టరైంది, ఎంత టాక్స్ కట్టారు, ఏ రోజు రద్దయింది, ఈ మూడూ ఉంటే చాలు. కష్టాల కథ అక్కర్లేదు. రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకదాని మీద రిసీవ్డ్ ముద్ర, తేదీ వేయించుకోవడం మాత్రం మర్చిపోకండి. ఎవరైనా నోటి మాటతో "అట్లాంటివి ఇవ్వరండీ" అంటే, సరే సార్, అదే ముక్క కాగితం మీద రాసివ్వండి అని మర్యాదగా అడగండి. నోటిమాట మీద పై అధికారికి అప్పీలు చేయలేం కదా.

ఇంకో ముఖ్యమైన సంగతి. నెల్లూరు, గూడూరు వైపు చాలామంది దగ్గర చెన్నైలో కొన్న తమిళనాడు నంబరు బళ్ళుంటాయి, ఒంగోలు వైపు బెంగళూరు నుంచి తెచ్చిన కర్ణాటక నంబరువి ఉంటాయి. టాక్స్ ఏ రాష్ట్రం తీసుకుందో వాపసు అడగాల్సింది ఆ రాష్ట్రాన్నే. తమిళనాడుకి కట్టిన పన్ను నెల్లూరు ఆఫీసులో ఇవ్వమంటే వాళ్ళెక్కణ్ణించి తెస్తారు.

పసుపు బోర్డు వాళ్ళకి

క్వార్టర్ టాక్స్ కట్టే బళ్ళ విషయంలో డబ్బు వెనక్కి తెచ్చుకోవడం కంటే ఇకమీదట పెరగకుండా ఆపుకోవడమే పెద్ద పని. మూడు నెలలకోసారి, అంటే ఏప్రిల్, జులై, అక్టోబరు, జనవరి నెలల్లో కొత్త క్వార్టర్ మొదలవుతుంది. ఇంజన్ పోయి ఆర్నెల్లుగా షెడ్డులో పడుకున్న టాక్సీకి కూడా టాక్స్ ఎక్కుతూనే ఉంటుంది, ఎందుకంటే రూల్స్ దృష్టిలో అది ఇంకా వాడకంలో ఉన్నట్టే లెక్క. ఆంధ్రప్రదేశ్ నిబంధనల్లో 12-ఎ అని ఒక రూలుంది. బండిని ఫలానా తేదీ తర్వాత వాడబోవడం లేదని కొత్త క్వార్టర్ మొదలవక ముందే యజమాని రాతపూర్వకంగా చెప్పకపోతే, ఆ బండి వాడకానికి ఉంచినట్టే పరిగణిస్తారు. మన ఆఫీసుల దగ్గర దీన్ని స్టాపేజీ పెట్టడం అంటారు. జులై 1న వెళ్ళి "జూన్ నుంచి తిప్పట్లేదు సార్" అంటే కుదరదు. జూన్ నెలాఖరు లోపే కాగితం ఇవ్వాలి, ముద్ర వేయించుకోవాలి.

ఈ రూలు మీద 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పొకటి చాలా వాట్సాప్ గ్రూపుల్లో సగం సగంగా తిరిగింది. విశాఖ స్టీల్ ప్లాంటు ప్రహరీ లోపల మాత్రమే తిరిగిన ఒక లాజిస్టిక్స్ కంపెనీ బళ్ళ కేసది. అవి బయటి రోడ్ల మీదకి రాలేదు కాబట్టి ఆ కాలానికి పన్ను అక్కర్లేదని, కట్టించుకున్న 22,71,700 రూపాయలు వెనక్కివ్వాలని తేలింది. మంచిదే. కానీ దాన్ని పట్టుకుని "వాడని బండికి టాక్సే లేదంట" అని మన ఇంటి ముందు నిలబెట్టిన టాక్సీకి వర్తింపజేసుకుంటే ఇరుక్కుంటారు. అక్కడ తేలింది బయటివాళ్ళు అడుగుపెట్టడానికి వీల్లేని ఆవరణలో తిరిగిన బళ్ళ సంగతి. మనం మన స్టాపేజీ కాగితం మనం పెట్టుకోవాల్సిందే.

పసుపు బోర్డుల్లోనూ కొన్ని చిన్న బళ్ళకి లైఫ్ టాక్సే ఉంటుంది. మీదేదో తెలియకపోతే పాత టాక్స్ రసీదు తీసి తేదీలు చూడండి, మూడు నెలల గడువు రాసి ఉంటే క్వార్టర్ టాక్స్.

తుక్కు ఎవరికివ్వాలి

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ఆటోనగర్‌లో పాత ఇనుము కొట్టు ముందు ఎప్పుడైనా ఐదు నిమిషాలు నిలబడి చూడండి. ఇంజన్ ఒకవైపు తీసి పెట్టి ఉంటుంది, డోర్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి, సీట్ల స్పాంజి ఎండలో పడుంటుంది, బాడీ మాత్రం గ్యాస్ కట్టర్ కోసం కాచుకుని ఉంటుంది, దాని వెనకాల ఏపీ 26 బోర్డు ఇంకా రెండు బోల్టుల మీద వేలాడుతూ ఉంటుంది. ఆ బోర్డు ఎవరు విప్పుతారు, ఎక్కడికి పోతుంది? బానెట్ ఎత్తితే ఇంజన్ వెనక రేకు మీదో, కొన్ని మోడళ్ళలో ముందు సీటు దగ్గర నేల మీదో కొట్టి ఉండే ఛాసిస్ నంబరు ముక్క ఏమవుతుంది? కాటా మీద కిలోల లెక్కన డబ్బిచ్చేవాడికి ఈ ప్రశ్నలతో పనిలేదు, ఆర్సీ కూడా "మా దగ్గరే ఉండనీండి సార్" అని తీసుకుంటాడు. ఆ నంబరు రేపు దొంగ బండికి అతికితే పోలీసు ఫోన్ వచ్చేది మీకే. వెయ్యో రెండు వేలో ఎక్కువిస్తానన్నాడని అటు పోకండి.

సరైన దారి, ప్రభుత్వం దగ్గర నమోదైన వాహనాల స్క్రాపింగ్ కేంద్రానికి ఇవ్వడం. ఈ కేంద్రాల నిబంధనలు 2021 సెప్టెంబరులో వచ్చాయి. దరఖాస్తు పరివాహన్ అనే కేంద్ర రవాణా శాఖ పోర్టల్‌లో వాహనాల స్క్రాపింగ్ విభాగంలో ఆన్‌లైన్లోనే, కేంద్రాల జాబితా కూడా అక్కడే కనిపిస్తుంది. బండి ఏ రాష్ట్రంలో రిజిస్టరైనా దేశంలో ఏ నమోదిత కేంద్రానికైనా ఇవ్వొచ్చు, కాబట్టి మీ ఊరికి ఏది దగ్గరైతే, ఏది మంచి రేటిస్తే దానికే ఇవ్వండి. ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేసి, బండి ఫొటోలు పంపి రేటు అడగండి, టోయింగ్ ఖర్చు ఎవరిదో కూడా అప్పుడే తేల్చుకోండి. పొదిలిలోనో గిద్దలూరులోనో చింతచెట్టు కింద టైర్లు నేలకి అంటుకుపోయి ఉన్న బండిని లారీ ఎక్కించి తీసుకెళ్ళడానికి అయ్యే ఖర్చు, వచ్చే డబ్బులో బాగానే కొరుకుతుంది.

ఎంతిస్తారు అంటే, 2021లో కేంద్రం ఈ విధానం ప్రకటించినప్పుడు తుక్కు విలువ కొత్త బండి ఎక్స్ షోరూం ధరలో 4 నుంచి 6% దాకా ఉంటుందని చెప్పింది. 6 లక్షల కారనుకుంటే 24,000 నుంచి 36,000 మధ్య అన్నమాట. అది అంచనా మాత్రమే, అసలు రేటు బరువుని బట్టి, ఆ నెల ఇనుము ధరని బట్టి ఉంటుంది. కొత్తపట్నం, కృష్ణపట్నం వైపు సముద్రగాలికి నిలబెట్టిన బళ్ళ ఫ్లోరు కింద చెయ్యి పెడితే తుప్పు పొరలు పొరలుగా ఊడొస్తుంది, అలాంటి వాటికి బరువు తగ్గుతుంది, బేరం కూడా తగ్గుతుంది.

బండి అప్పగించాక ఆ కేంద్రం మీకు డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తుంది, బండిని విడగొట్టేశాక స్క్రాపింగ్ సర్టిఫికెట్ వస్తుంది. మొదటిది బంగారంలా దాచుకోండి, కొత్త బండి రాయితీలన్నిటికీ అదే ఆధారం. మీకు కొత్త బండి కొనే ఆలోచన లేకపోతే దాన్ని వేరే వాళ్ళకి ఆన్‌లైన్లో బదిలీ చేసుకునే వీలు కూడా ఉంది, ఈ సంగతి చాలామందికి తెలీదు.

ఇచ్చే ముందు సర్దుకోవాల్సినవి

కేంద్రం వాళ్ళు బండి తీసుకునే ముందు వాహన్ రికార్డు (రవాణా శాఖ దగ్గరుండే బళ్ళ కంప్యూటర్ రికార్డు) చూస్తారు. అప్పు మిగిలుందా, దొంగతనం కేసుందా, బ్లాక్‌లిస్టులో ఉందా అన్నీ అక్కడ కనిపిస్తాయి. ఎప్పుడో తీరిపోయిన కారు లోను ఆర్సీ మీద అలాగే మిగిలిపోవడం మన దగ్గర చాలా మామూలు. బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ, ఫారం 35 తీసుకుని హైపోథికేషన్ (బండి మీద అప్పుందని ఆర్సీలో రాసిన మాట) తీయించేయండి. ఆ బ్రాంచి మూసేసి వేరే బ్యాంకులో కలిపేసి ఉంటే కలిపిన బ్యాంకే ఇవ్వాలి, కొంచెం తిరగాల్సి వస్తుంది, అందుకే ఈ పని అన్నిటికంటే ముందు మొదలుపెట్టండి.

ఫోన్ నంబరు ఇంకో తలనొప్పి. పదిహేనేళ్ళ కింద ఇచ్చిన నంబరు ఇప్పుడు ఎవరి దగ్గరుందో, ఓటీపీ వాళ్ళకి పోతుంది. ముందు పరివాహన్‌లో మొబైల్ నంబరు మార్చుకోండి. బాగా పాతబడిన పుస్తకం ఆర్సీ వివరాలు ఆన్‌లైన్లో అసలు కనపడకపోతే ముందు ఆఫీసుకెళ్ళి రికార్డు ఎక్కించుకోవాలి, ఆ తర్వాతే మిగతావి. ఆర్సీ పోయుంటే పోలీసు స్టేషన్లో ఫిర్యాదు చేసి ఫారం 26 మీద డూప్లికేట్ తీసుకోవాలి. బండి నాన్నగారి పేరు మీదుండి ఆయన కాలం చేసుంటే మరణ ధ్రువపత్రం, వారసుల పత్రం అడుగుతారు. ఫారం 31తో ముందు అమ్మ పేరుకో మీ పేరుకో మార్చుకుని తర్వాత తుక్కుకివ్వడం శుభ్రమైన పద్ధతి. అన్నదమ్ములు నలుగురుంటే మిగతా ముగ్గురి సంతకాలూ సంక్రాంతికి అందరూ ఊరొచ్చినప్పుడే చేయించేసుకోండి, తర్వాత ఒకడు హైదరాబాదులో ఒకడు దుబాయ్‌లో ఉంటారు.

చలాన్లు కూడా చూసుకోండి. చూసేది మాత్రం అధికారిక సైట్లోనే. "మీ వాహనానికి చలాన్ ఉంది" అంటూ వాట్సాప్‌లో వచ్చే ఏపీకే (ఫోన్లో యాప్ ఎక్కించే) ఫైలు నొక్కారంటే తుక్కు డబ్బు సంగతి దేవుడెరుగు, బ్యాంకులో ఉన్నది కూడా పోతుంది. అలా పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

బండి ఇచ్చే రోజు ఛాసిస్ నంబరు మీద సన్న కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ముద్ర ఒకటి తీసిపెట్టుకోండి, ఓడోమీటరుకీ నంబరు బోర్డులకీ ఫొటోలు తీయండి. డాష్‌బోర్డు సొరుగులో మర్చిపోయిన కాగితాలు, స్పేర్ తాళం, ఫాస్టాగ్ అన్నీ తీసేసుకోండి. డబ్బు బ్యాంకు ఖాతాకే వేయమనండి, చేతికి వద్దు. తర్వాత కొన్ని రోజులకి పరివాహన్‌లో మీ నంబరు కొట్టి స్టేటస్ చూడండి. అక్కడ ఇంకా యాక్టివ్ అనే కనిపిస్తుంటే స్క్రాపింగ్ సర్టిఫికెట్ పట్టుకుని మీ జిల్లా రవాణా ఆఫీసుకి వెళ్ళాల్సిందే. ఆ మాట మారేదాకా పని అయినట్టు కాదు.

అసలు తుక్కుకివ్వాల్సిన అవసరం ఉందా

పదిహేనేళ్ళు నిండగానే బండి ఇచ్చేయాలని రూలేమీ లేదు, ఆ గోల ఢిల్లీ చుట్టుపక్కల వాళ్ళది. 2023 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాలకే తుక్కు తప్పనిసరి చేశారు. మన సొంత కారు ఆర్సీని ఐదేళ్ళకోసారి పొడిగించుకోవచ్చు, బండి ఫిట్‌గా ఉంటే. కాకపోతే ఖర్చు పెరిగింది. ఒకప్పుడు 600 ఉన్న కారు రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది, 2025 ఆగస్టులో ఇరవై ఏళ్ళు దాటిన కార్లకి 10,000 చేశారు. దీని పైన గ్రీన్ టాక్స్ (పాత బళ్ళ మీద కాలుష్యం పేరుతో వేసే పన్ను) వేరే. వారానికోసారి అత్తగారి ఊరికి వెళ్ళొచ్చే బండి అయితే, ఇంజన్ బాగుంటే, నేనైతే 5,000 కట్టి ఉంచుకుంటాను. ఇరవై దాటిందంటే ఆలోచించక్కర్లేదు, ఇచ్చేయండి.

కొత్త బండి మీద రాయితీ

ఇదీ అసలు డబ్బున్న చోటు. డిపాజిట్ సర్టిఫికెట్ చూపించి కొత్త సొంత బండి రిజిస్టర్ చేయించుకుంటే టాక్స్‌లో 25% వరకు, ట్రాన్స్‌పోర్టు బండికి 15% వరకు తగ్గింపు ఇవ్వొచ్చని కేంద్రం 2021 అక్టోబరులో రూలు తెచ్చింది, 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చింది. "వరకు" అన్న మాట గమనించండి, ఎంతివ్వాలో తేల్చేది రాష్ట్రం. 9 లక్షల కారుకి 14% చొప్పున లైఫ్ టాక్స్ 1,26,000. పూర్తి 25% దొరికితే 31,500 మిగులుతుంది. పాత కారు కాటా డబ్బుతో ఇంచుమించు సమానం అది! రిజిస్ట్రేషన్ ఫీజు 600 కూడా మాఫీ అవుతుంది. బుకింగ్ అడ్వాన్సు కట్టే ముందే షోరూం వాళ్ళకి సర్టిఫికెట్ చూపించి, ఈ రోజు అమల్లో ఉన్న జీవో ప్రకారం నా లైఫ్ టాక్స్ ఎంతో రాసివ్వండి అని అడగండి, మీరే ఒకసారి రవాణా ఆఫీసులో సరిచూసుకోండి. టాక్స్ కట్టేశాక సర్టిఫికెట్ బయటికి తీస్తే ఎవరూ పట్టించుకోరు. కంపెనీలు కూడా తుక్కు సర్టిఫికెట్ మీద అప్పుడప్పుడు డిస్కౌంట్లు ఇస్తుంటాయి. ఎక్స్‌ఛేంజ్ బోనస్, ఇది, రెండూ కలిపి ఇస్తారా ఒకటేనా అన్నది ముందే తేల్చుకోండి.

ఇన్సూరెన్స్, ఫాస్టాగ్

చాలామంది ఈ రెండూ వదిలేస్తారు. బండి వెళ్ళిపోయాక కూడా ఇన్సూరెన్స్‌కి ఏడెనిమిది నెలలు మిగిలి ఉంటే, ఏడాది పాలసీలో క్లెయిమ్ ఏదీ చేయకపోతే, మిగిలిన రోజులకి లెక్కగట్టి ప్రీమియం తిరిగివ్వాలని ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ 2024లో తెచ్చిన నిబంధనలు చెబుతున్నాయి. థర్డ్ పార్టీ భాగం (మన బండి వల్ల ఎదుటివాళ్ళకి జరిగే నష్టం కోసం ఉండేది) రద్దు చేయాలంటే ఆర్సీ రద్దయినట్టు రుజువు అడుగుతారు, మళ్ళీ ఆ కాగితమే. బండి గేటు దాటి రద్దు పూర్తయ్యేదాకా మాత్రం పాలసీ తీసేయకండి, దారిలో లారీ మీంచి జారి ఎవరి మీదైనా పడితే మీ మెడకి చుట్టుకుంటుంది.

క్లెయిమ్ లేకుండా ఏళ్ళ తరబడి నడిపినవాళ్ళకి నో క్లెయిమ్ బోనస్ 20% నుంచి మొదలై 50% దాకా పేరుకుని ఉంటుంది. అది బండిది కాదు, మీది. పాలసీ రద్దు చేసేటప్పుడే బోనస్ రిజర్వు చేసినట్టు లెటర్ అడిగి తీసుకుంటే మూడేళ్ళ లోపు కొనే కొత్త బండికి వాడుకోవచ్చు. కొత్త కారు ఓన్ డ్యామేజ్ (మన బండికే జరిగే నష్టం కోసం కట్టే) ప్రీమియంలో సగం తగ్గడమంటే మామూలు మాట కాదు, పాత కారు లైఫ్ టాక్స్ వాపసు కోసం తిరిగే తిరుగుడు కంటే ఈ ఒక్క లెటర్ ఎక్కువ లాభం.

ఫాస్టాగ్ అద్దానికి అతికించే వదిలేస్తే మీ ఖాతా తెరిచే ఉంటుంది. టాగ్ గీరి తీసేసి, ఇచ్చిన బ్యాంకు యాప్‌లో మూసివేత అర్జీ పెడితే మిగిలిన బ్యాలెన్సు, మొదట్లో కట్టిన సెక్యూరిటీ డిపాజిట్ ఖాతాలోకి వస్తాయి. టాగ్ పాతదే కదా కొత్త బండికి అతికిద్దాం అనుకోకండి, ఒక బండికి ఒక టాగ్ అనేదే రూలు, నంబరు కలవకపోతే బ్లాక్‌లిస్టులో పడేస్తారు. మూసేశాక కూడా ఒకటి రెండు నెలలు మెసేజీలు గమనిస్తూ ఉండండి. బండి తుక్కయిపోయాక టంగుటూరు గేటు దగ్గరో వెంకటాచలం గేటు దగ్గరో టోలు కట్ అయినట్టు మెసేజ్ వచ్చిందంటే, మొదట జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేయండి, తర్వాత స్క్రాపింగ్ సర్టిఫికెట్ కాపీతో పోలీసు స్టేషన్లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకోండి.